తెల్ల సీటు మీద పసుపు

మా ఆయన్ని వీధిలో అందరూ ‘సబ్బు డాక్టరు’ అంటారు. పాత కార్లలో తెల్ల రెక్సిన్ సీట్లు శుభ్రం చేయడం ఆయన పని. ఇంటి ముందు రేకుల షెడ్డే ఆసుపత్రి. గోరువెచ్చని నీళ్లు, కాస్త సబ్బు, చిన్నపిల్లల మెత్తటి పళ్ల బ్రష్షు, పాత బనియను గుడ్డ. అంతే సరంజామా. ఎవరైనా థిన్నరు పేరెత్తితే ఇంతెత్తున లేస్తారు. "పైపొర పోయిందంటే ఇంక ఏం చేసినా రాదయ్యా!" అంటారు. ఆ సీట్లతో మాట్లాడినంత మెత్తగా నాతో ఏనాడూ మాట్లాడలేదు. ఎప్పుడైనా "నీ జుట్టింకా నెరవలేదే" అంటే అదే నాకు పెద్ద ముద్దు.

పోయిన ఎండాకాలం మా వీధి చివరి టీచరమ్మ, వాళ్ల నాన్న నడిపిన కారు తెచ్చింది. "ఇంకొకరి చేయి పడనివ్వను అన్నయ్యా" అని తాళం ఆయన చేతిలో పెట్టింది. ఆ సాయంత్రానికే సీట్లు తళతళలాడాయి. మర్నాడు చూస్తే మళ్లీ బకెట్టుతో తయారు! ఆ మర్నాడూ అదే తంతు. నాకు ఒళ్లు మండింది.

"ఇంకా ఏం రుద్దుతారండీ, మెరిసిపోతుంటే!"

"పసుపు వదల్లేదే. ఇదిగో, కుట్టు పక్కన చూడు."

పసుపు లేదు సరికదా, వేలు పెడితే నున్నటి రెక్సిన్ గరుగ్గా తగిలింది. ప్రాణంగా చూసుకునే పైపొరను ఈయనే చేతులారా లేపేస్తున్నారు!

తీగ మీద ఆరేసిన ఆయన తెల్లచొక్కా లాక్కొచ్చి సీటు మీద పరిచాను.

"మరి ఇదో?"

"ఇదీ పసుపే. నువ్వీమధ్య సరిగ్గా ఉతకడం లేదు."

నా ఉతుకుకు వంక పెట్టడమా! నాలుగు దులిపేద్దామనుకున్నాను గానీ, ఆ చొక్కా మల్లెపువ్వులా ఉంది. కొత్తగా సున్నం వేసిన గోడ చూపించాను. అదీ పసుపేనన్నారు. అన్నాక ఆయనకే అర్థమై, బ్రష్షు కింద పెట్టేశారు.

"దీపాలు కూడా మసకమసగ్గా ఉంటున్నాయే. చెబితే పని మానిపిస్తావని..."

కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి నాకు. తెలుపు తెలియకపోతే ఆయన చేతికి ఇంకేం పని? ఆ పని లేకుండా ఈ మనిషి ఎలా బతుకుతాడు?

కళ్లలో శుక్లాలు ముదిరాయంది డాక్టరమ్మ. తీసేస్తే తెలుపు తెలుపుగా కనిపిస్తుందా అని, ఆయన అడిగింది అదొక్కటే. కనిపిస్తుందంది. జరిగింది చెబితే టీచరమ్మ కసురుకోలేదు. "కారు అక్కడే ఉండనివ్వండి వదినా, ముందు అన్నయ్యను చూసుకోండి" అంది.

రెండో కంటి పట్టీ కూడా విప్పిన రోజు ఆయన ఇంట్లోకి రాలేదు, తిన్నగా షెడ్డుకే నడిచారు. నేనూ వెనకాలే వెళ్లాను. కారు తలుపు తీసి, గరుకు తేలినచోట అరచేయి ఆనించారు.

"ఎప్పుడో తెల్లబడిపోయిందే ఇది. ఊరికే ఏడిపించాను" అన్నారు.

హమ్మయ్య అనుకున్నాను. ఇంతలో ఆయన నా వైపు తిరిగి, అలాగే చూస్తూ ఉండిపోయారు. తర్వాత బ్రష్షు పట్టి కాయలుకాచిన ఆ వేళ్లతో నా నుదుటి మీది వెంట్రుకలు పక్కకు తీశారు.

"మరి ఇదెప్పుడే, ఇంతలా తెల్లబడింది?"

ముసిముసిగా నవ్వాననే అనుకున్నాను గానీ కళ్లు కారిపోతున్నాయి.

"ఎప్పుడోలెండి. రుద్దకండి, పోదు" అన్నాను.