రాతిమనిషి, చేపమొహం, కొల్లేటి బురద

కేబుల్ వైరు తాటిచెట్ల మీదుగా మా పల్లెలకి పాకిన ఆ రోజుల్లో, ఆకాశంలో ఓడలు నడిపేవాళ్ళ సంగతులు మాకు తెలిసినంతగా పక్క వీధివాళ్ళ సంగతులు తెలిసేవి కావు. నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు. కైకలూరు రోడ్డు మీద ఒక రొయ్యల షెడ్డులో పని. ముప్ఫైమంది ఆడవాళ్ళు పొద్దుటినుంచి ఐసు నీళ్ళలో చేతులు పెట్టి రొయ్యల తలలు తీస్తుంటే, నేను మాత్రం పొడి చేతులతో బల్ల దగ్గర నిలబడి డబ్బాలకి లేబుళ్ళు అంటించేదాన్ని. ఆ బల్ల దగ్గర ఒక్కరికే చోటు. మేస్త్రీ బాబాయి "ఎవరికైనా చదువొచ్చా?" అని అడిగిన రోజున అందరికంటే ముందు నేనే "ఏడు పాసయ్యానండి" అనేశాను. (బడి గడప నేను తొక్కింది ఒక్కసారే. మా అమ్మ ఓటెయ్యటానికి వెళ్తూ నన్ను చంకనేసుకుంది.) పెద్ద రొయ్యకి నీలం లేబులు, మధ్య రకానికి ఎరుపు, చిన్నదానికి పసుపు. రొయ్య బొమ్మ తలకిందులు కాకుండా చూసుకుంటే చాలు, ఏడో తరగతి గడిచిపోయేది. ఈ అబద్ధం బయటపడితే మళ్ళీ ఐసు నీళ్ళేనని మాత్రం రోజూ భయంగా ఉండేది.

అన్నాలు తినే గదిలో ఓనరు గారు ఒక టీవీ పెట్టించారు. సరిగ్గా మేం క్యారియర్లు విప్పే వేళకే రెండు ఛానళ్ళలో రెండు డబ్బింగు సీరియళ్ళు వచ్చేవి. ఒక ఓడకి సెక్యూరిటీ ఆఫీసరు రాయిలాంటి ఒళ్ళు, నాలుగు చేతులూ ఉన్న వేరే లోకం మనిషి. ఇంకో ఓడకి చెవుల దగ్గర మొప్పలున్న బక్కపలచటి ఆడమనిషి. వాళ్ళ అసలు పేర్లు మాకు నోరు తిరగక, రాతిమనిషి, చేపమొహం అనేవాళ్ళం. నేను చేపమొహం పక్షం. రాతిమనిషి పక్షానికి పెద్ద మా అత్తిలి వదిన. అత్తిలి నుంచి ఇటు కోడలిగా వచ్చింది, వరసకి నాకేమీ కాదు, షెడ్డంతా వదినే అనేది.

"నాలుగు చేతులే పిల్లా. రెంటితో పట్టుకుని రెంటితో తల తీస్తాడు. మన షెడ్డులో వదిల్తే మధ్యాహ్నానికి మనందరం ఇళ్ళకే" అనేది వదిన.

"చేతులుంటే సరిపోద్దా వదినా? మొన్న దొంగ గొట్టంలోంచి పారిపోతుంటే గోడ బద్దలు కొట్టాడు. ఆ గోడెవరిది? సొంత ఓడది. మా చేపమొహమైతే అడుగుల చప్పుడు విని ముందే అవతల నిలబడుద్ది."

"నిలబడుద్దా? గాలొస్తే పడిపోయేట్టుంది. ఒక్క మేత బస్తా లేపమను చూద్దాం."

"బస్తాలు లేపటానికి సెక్యూరిటీ ఎందుకండీ, లారీ దగ్గర కూలీలున్నారుగా."

కలిదిండి పెద్దమ్మ అన్నం కలుపుకుంటూ, "ఇద్దర్నీ తెచ్చి చెరో చెరువుకి కాపలా పెట్టండే. ఎవరి చెరువులో రొయ్య పోకపోతే వాళ్ళే గొప్ప" అని తీర్పు చెప్పేది. ఇలా నెల రోజులు తేలక, చివరికి ఒప్పందం చేసుకున్నాం. ఎవరు గొప్పో రుజువైతే ఇక ఆ ఛానలే, రెండోవాళ్ళు నోరెత్తకూడదు.

ఒక సోమవారం వదిన ఆదివారం పేపరుతో వచ్చే పిల్లల పుస్తకం తెచ్చింది. అందులో ఇద్దరు ఆఫీసర్ల బొమ్మలూ ఎదురెదురుగా వేసి, ఎవరు గెలుస్తారో తేల్చి రాశారట. "నా కళ్ళజోడు విరిగింది. చదువొచ్చినదానివి నువ్వున్నావుగా, చదివి పెట్టు" అంది. ముప్ఫైమందీ చెయ్యి కంచంలో ఆపేసి నా వంక చూశారు. గుమ్మంలో మేస్త్రీ బాబాయి కూడా నిలబడ్డాడు. బొమ్మలున్నాయి కాబట్టి పుస్తకం తిన్నగానే పట్టుకున్నాను. చర్చిలో పాస్టరు గారిలా కాస్త దూరంగా పెట్టి, గొంతు సవరించుకుని మొదలెట్టాను. "రాతిమనిషికి బలంలో పది మార్కులు, నేర్పులో రెండు. చేపమొహానికి బలంలో ఆరు, నేర్పులో పది." అక్కడితో ఆపితే బాగుండేది. అందరూ అంత శ్రద్ధగా వింటుంటే నోరు ఊరుకోలేదు. "ఇద్దర్నీ కొల్లేటి గట్టు మీద వదిల్తే రాతిమనిషి బురదలో మోకాళ్ళ దాకా దిగబడతాడు. చేపమొహం ఈదుకుంటూ వెళ్ళి సంకెళ్ళు వేసేస్తుంది."

"కొల్లేరు పేరు కూడా రాశారా?" అంది పెద్దమ్మ.

"రాశారండీ."

వదిన నింపాదిగా, "ఆ బురద ముక్క మళ్ళీ చదువు" అంది.

"రాతిమనిషి నడుం దాకా దిగబడతాడు..."

"ఇందాక మోకాళ్ళన్నావు."

"ముందు మోకాళ్ళు, తరవాత నడుం. దిగబడుతున్నాడు కదండీ."

వదిన పుస్తకం మడిచి, కళ్ళజోడు బాగయ్యాక చూస్తానని ఇంటికి పట్టుకుపోయింది. మర్నాడు దారం చుట్టిన కళ్ళజోడుతో వచ్చింది. మేస్త్రీ బాబాయి నవ్వుతూనే, "ఏవమ్మా, పిల్ల సరిగ్గానే చదివిందా?" అని అడిగాడు. నా కళ్ళు ఐసు తొట్టి మీదికి పోయాయి. వదిన కళ్ళజోడు పైనుంచి నన్నొకసారి చూసి, "సరిగ్గానే చదివిందండి. కొల్లేరు కూడా ఉంది" అంది. పుస్తకం నా చేతిలో పెట్టి, "నువ్వే ఉంచుకో. ఎప్పుడైనా తీరిగ్గా చదువుకో" అని వెళ్ళి తొట్టి దగ్గర కూర్చుంది. ఆ సీరియల్ అయిపోయేదాకా కిక్కురుమనకుండా మాతోపాటు చేపమొహాన్నే చూసింది.

మరి నాకేమనిపించిందో తెలుసాండీ? నేను గాల్లో అన్నది అక్షరాలా అచ్చులో ఉందని. చూస్తే చాలు, అక్షరాలు వాటంతటవే నాకు తెలిసిపోతున్నాయని. ఆ ధైర్యంతో వారం తిరక్కుండా బోర్డు 'చదివి' ఏలూరు బస్సని ఎక్కి భీమవరంలో దిగాను.

కొన్నేళ్ళకి షెడ్డు మూసేశారు. వదిన అత్తిలి వెళ్ళిపోయింది. నలభై దాటాక మా పాస్టరమ్మ గారి దగ్గర, ఆదివారం మధ్యాహ్నాలు, నేను నిజంగా అక్షరాలు దిద్దుకున్నాను. కూడబలుక్కుని చదవటం వచ్చిన రోజున ట్రంకుపెట్టె అడుగునుంచి ఆ పుస్తకం తీసి, వేలు పెట్టి చదివాను. బలంలోనూ నేర్పులోనూ రాతిమనిషే గెలిచాడు. మార్కుల్లేవు, కొల్లేరు అసలే లేదు. పక్కన ఖాళీలో పెన్సిలుతో గుండ్రటి అక్షరాలు. "కొల్లేరు ముక్క వీళ్ళూ రాయాల్సింది."

అంత చక్కటి చేతిరాత ఉన్న మనిషి ఒక్క మాట అని ఉంటే, ఆ పొడి బల్ల ఆవిడదే అయ్యేది. గెలిచిన రాతిమనిషిని కడుపులో దాచుకుని, ఓడిన చేపమొహాన్ని నెలల తరబడి చూసింది. నేను పెన్సిలు వెతుక్కుని ఆ వాక్యం కింద రాశాను. "గెలిచింది మీ రాతిమనిషేనండి వదినా." అక్షరాలు వంకరటింకరగా, బురదలో దిగబడినట్టే వచ్చాయి. మోకాళ్ళ దాకానే లెండి.