మావయ్య గుర్రప్పిల్లలూ, నా ఇంగ్లీషూ

మా కాలంలో టాటానగర్ పక్కనున్న పర్సుడీహ్‌లో ఒక ఆడపిల్ల కాలేజీ మెట్లెక్కి దిగిందంటే చాలు, లోకంలో ఆమెకు తెలియనిదంటూ ఉండదని చుట్టుపక్కలవాళ్ళంతా నమ్మేవారు. టెలిగ్రాం వస్తే చదవమని పిలిచేవారు, మందు సీసా మీద ఏం రాసుందో చెప్పమనేవారు, పక్కింటావిడైతే రేడియోలో ఇంగ్లీషు వార్తలు మొదలవగానే గోడ మీంచి కేకేసి "ఏటంటన్నాడే?" అని అడిగేది. నేనప్పుడు మా వీధి చివర చంటిపిల్లల బడిలో కొత్తగా చేరిన పంతులమ్మని. ఏ ఫర్ యాపిల్ దగ్గర బయల్దేరి జడ్ ఫర్ జీబ్రా దగ్గర ఆగిపోయే ఇంగ్లీషు నాది. ఆ మాట నేనెంత మొత్తుకున్నా ఎవరూ నమ్మేవారు కాదు. కొన్నాళ్ళకి నేనూ నమ్మడం మానేశాను.

మా అమ్మ తమ్ముణ్ణి మేమంతా గుర్రాల మావయ్య అనేవాళ్ళం. జుగ్సలాయిలో కాపురం, టాటానగర్ స్టేషను దగ్గర టాంగా తోలడం ఆయన పని. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన మా చుట్టాలందరూ రైల్వేలోనో కార్ఖానాలోనో కుదురుకుంటే, ఆయనొక్కడే గుర్రాన్ని నమ్ముకున్నాడు. ఆటోలు వచ్చి టాంగా ఎక్కేవాళ్ళు తగ్గిపోయిన రోజుల్లోనే ఆయన ముసలి గుర్రమూ పోయింది. ఎవరైనా అయితే అక్కడితో దణ్ణం పెట్టేసేవారు. మావయ్య మాత్రం పశువుల మేళాకి వెళ్ళి, ఇంకా బండి కట్టే ఈడు కూడా రాని రెండు దేశవాళీ గుర్రప్పిల్లల్ని తోలుకొచ్చాడు. మగది రాజు, ఆడది గౌరి. రెండూ పొట్టివి, రెండూ ఇటుక రంగువి, రెండింటి నుదుటా తెల్లమచ్చ. మా అత్త ఒకదాన్ని తిట్టబోయి రెండోదాన్ని తిట్టేది. (దానివల్ల పెద్ద నష్టమేమీ లేదు, ఆ తర్వాత రెండోదాన్ని తిట్టడం ఎలాగూ ఉండేది.)

తిని కూర్చునే గుర్రాలతో ఎన్నాళ్ళని, అత్త చివరికి ఇటుకబట్టీ కాంట్రాక్టరుకి కబురంపింది. అతను వచ్చి పళ్ళు చూసి, సోమవారం తోలుకుపోతానని చెప్పి వెళ్ళాడు. ఇటుకలు మోసి మోసి బట్టీలో గుర్రం ఎలా అయిపోతుందో మావయ్యకి తెలుసు. ఆ పూట ఆయన అన్నం ముట్టలేదు. సరిగ్గా అప్పుడే, ఊరవతల సోనారి మైదానంలో గుర్రాల తీరు చూసి బహుమతులిచ్చే పోటీ పెడుతున్నారనీ, ఈసారి దేశవాళీ పిల్లల్ని కూడా రానిస్తారనీ ఎవరో చెప్పారు. అంత పెద్దమనుషుల్లో ఎవరో ఒకరి కంట పడకపోతాయా అని మావయ్య ఆశ. ఆ సాయంత్రమే మా ఇంటికొచ్చి గడపలో కూర్చున్నాడు.

"గుంటా, ఆదివారం నువ్వు నాతోటి రావాల. ఆళ్ళంతా ఇంగ్లీసులో మాటాడతారంట. హిందీ అయితే నాను సూసుకుందును."

నేనేం చెయ్యాలని అడిగాను.

"ఏటీ లేదు. ఆళ్ళేటడిగితే దానికి జవాబు సెప్పడమే."

ఆదివారం పొద్దున్నే, మంచు ఇంకా విడవకుండానే, చెరొక తాడూ పట్టుకుని జుగ్సలాయి నుంచి బయల్దేరాం. రైలు పట్టాల పక్కన పెరిగిన పిల్లలేమో, దారిలో ఇంజను కూసినా చెవి కదపలేదు. లారీలకీ బెదరలేదు. తీరా మైదానంలో అడుగుపెట్టాక అంత పచ్చగడ్డి ఒక్కచోట చూసి నిర్ఘాంతపోయి నిలబడిపోయాయి. నేనూ నిలబడిపోయాను, కానీ గడ్డి చూసి కాదు. అక్కడి గుర్రాలు మా ఇంటి పెరటి గోడంత ఎత్తున్నాయి. వాటి జూలు నా జడకంటే నున్నగా దువ్వి ఉంది. లౌడ్‌స్పీకరులో ఎవరో గరగరమని ఏదో చెబుతున్నారు. అందులో నాకు అర్థమైంది "ప్లీజ్" ఒక్కటే.

టోపీ పెట్టుకున్న ఒక పెద్దమనిషి మా దగ్గరికొచ్చి, చేతికర్రతో గౌరిని చూపించి, "కోల్ట్?" అని అడిగాడు. చలికి నా పళ్ళు టకటకమంటున్నాయి. ఎంత మర్యాదస్తుడు, వచ్చీరాగానే కుశలం అడుగుతున్నాడు అనుకుని, "యస్ సార్, వెరీ కోల్డ్" అన్నాను. ఆయన ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, కర్ర రాజు వైపు తిప్పి, "ఫిల్లీ?" అన్నాడు. పిల్లా అని అడుగుతున్నాడు కాబోలు, పాపం తెలుగు కూడా వచ్చు అనుకున్నాను. అవును, పిల్లే. దానికీ యస్ సార్ అన్నాను. నా జవాబులకి మావయ్య ఛాతీ ఉబ్బింది. మగ గుర్రప్పిల్లని కోల్ట్ అనీ, ఆడదాన్ని ఫిల్లీ అనీ ఇంగ్లీషువాళ్ళు అంటారన్న సంగతి ఆ తర్వాత ఎన్నో ఏళ్ళకి గాని నాకు తెలియలేదు.

సున్నంతో గుండ్రంగా గీసిన రెండు బరులున్నాయి. మగవాటికొకటి, ఆడవాటికొకటి అని అప్పుడు మాకు తెలియదు. టోపీ ఆయన చూపించినట్టే నేను రాజుని తీసుకుని ఆడవాటి బరిలోకీ, మావయ్య గౌరిని తీసుకుని మగవాటి బరిలోకీ వెళ్ళాం. నా బరిలో మీసాలాయన ఒకరు రాజు చుట్టూ తిరిగి, పళ్ళు చూసి, కాలెత్తి చూసి, చివరికి వంగి పొట్ట కిందకి చూశాడు. లేచి నన్ను చూశాడు. మళ్ళీ వంగి చూశాడు. ఏదో అడిగాడు. యస్ సార్ అన్నాను. ఆయన మీసాలు కదిలాయి. అవతలి బరి వైపు చెయ్యి చూపించాడు. నేను రాజుని లాక్కుంటూ వెళ్తుంటే, ఎదురుగా మావయ్య గౌరిని లాక్కుంటూ వస్తున్నాడు.

"ఏటయినాదే?"

"తెల్దు మావయ్యా. అటెళ్ళమన్నారు."

"నన్నిటు పొమ్మన్నారు. అంటే గుర్రాలు మార్సుకోవాల కాబోలు."

నాకూ అదే న్యాయంగా తోచింది. తాళ్ళు మార్చుకున్నాం. మార్చుకుని, వాళ్ళు చెప్పినట్టే ఎదుటి బరుల్లోకి నడిచాం. మనుషులం మారాం గాని, గౌరి మళ్ళీ మగవాటి బరికే చేరింది, రాజు మళ్ళీ ఆడవాటి బరికే చేరాడు. లౌడ్‌స్పీకరు గరగర హెచ్చింది. చుట్టూ నవ్వులు. ఎందుకు నవ్వుతున్నారో తెలియక, మర్యాదకి నేనూ కాస్త నవ్వాను.

ఇంతలో గౌరికి ఓపిక నశించింది. పుట్టి బుద్ధెరిగాక అవి రెండూ ఇంత దూరంగా ఉన్నది లేదు. ఒక్కసారి సకిలించి నా చేతిలో తాడు విదిలించుకుని పరుగెత్తింది. అటునుంచి రాజూ మావయ్యని విదిలించుకున్నాడు. ఆ గోలకి గోడంత గుర్రాలు రెండు బెదిరి వెనక్కాళ్ళ మీద లేచాయి. మావి మాత్రం మైదానం మధ్యలో కలుసుకుని, మెడ మీద మెడ వేసుకుని, ఆపైన తాపీగా గడ్డి మేయడం మొదలుపెట్టాయి. మేము రొప్పుకుంటూ చేరేసరికి అక్కడున్న చిన్నపిల్లలు వాటి చుట్టూ మూగి ఉన్నారు. ఒక పాప గౌరి మెడకి వేలాడుతోంది. గౌరి నములుతోంది.

నెరిసిన జుట్టు, చీర మీద మగవాళ్ళ స్వెట్టరు, కాన్వాసు బూట్లు వేసుకున్న ఒకావిడ వచ్చి నిలబడింది. పిల్లలకి గుర్రపు స్వారీ నేర్పేది ఆవిడేనట. ఇంత గోలలో ఇవెందుకు బెదరలేదని హిందీలో అడిగింది. రైలు పట్టాల పక్క పెరిగాయని మావయ్య చెప్పాడు. ఆవిడ చాలాసేపు వాటినే చూసి, తన దగ్గర పిల్లల కోసం ఒకదానికి చోటుందని, ఆడదాన్ని ఇచ్చేస్తారా అని అడిగింది.

మావయ్య వంగి రెండు తాళ్ళూ చేతికి చుట్టుకున్నాడు. ఒకటి పిల్లల దగ్గరికి, ఒకటి బట్టీకి. నా వైపు తిరిగి మెల్లగా, "నువ్వు సెప్పే, గుంటా" అన్నాడు.

ఆవిడ అడిగింది హిందీలో. నాకు హిందీ నీళ్ళప్రాయంగా వచ్చు. అయినా మావయ్య నన్ను తెచ్చింది ఇంగ్లీషు కోసం కదా అని, ఉన్న ఇంగ్లీషంతా కూడదీసుకుని, "మేడమ్, టూ ఈజ్ వన్" అన్నాను.

ఆవిడ నా వంక, గుర్రాల వంక, మావయ్య వంక చూసింది. అదేం వాక్యమో ఆవిడకి బోధపడినట్టే ఉంది. రెండింటికీ చోటు చేస్తాను గాని చూసుకునే మనిషి కావాలి, నువ్వొస్తావా అని మావయ్యని అడిగింది. ఆయన తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు. అదే జవాబు.

సోమవారం కాంట్రాక్టరు వచ్చేసరికి కొట్టం ఖాళీగా ఉంది. మా అత్త అతనికి సంగతి చెప్పి పంపించేసి, ఆ తర్వాత చీపురు పట్టుకుని ఖాళీ కొట్టంలోకి వెళ్ళి, ఊడవకుండా అలాగే కూర్చుండిపోయిందట.

పెళ్ళయి ఆ ఊరు విడిచేదాకా సెలవురోజుల్లో సోనారి వెళ్ళేదాన్ని. కనపడిన ప్రతివాళ్ళకీ మావయ్య నన్ను చూపించి, వీటికి ఇక్కడ కొలువు ఇప్పించింది మా మేనకోడలి ఇంగ్లీషేనని చెప్పేవాడు. నేను తల వంచుకుని ఆ గొప్ప పుచ్చుకునేదాన్ని. ఆ తర్వాత ఎన్నో క్లాసులకి వ్యాకరణం చెప్పాను, టూ ఈజ్ అని రాసిన పిల్లల్ని కేకలేశాను కూడా. కేకలేసినప్పుడల్లా ఆ మైదానంలో ముక్కు కారుతూ నిలబడ్డ పంతులమ్మ కళ్ళముందుకొస్తుంది. ఆమెకి ఒక్క ముక్కా అర్థం కాలేదు, అన్నిటికీ యస్ సార్ అంది. ఇప్పుడు నాకు అన్నీ అర్థమవుతాయి. అంత ధీమాగా యస్ అనడమే చేతకావడం లేదు.