కుర్చీలోంచి లేవడం నేర్పిన కోచ్

2022 జూన్. భూగోళం దక్షిణ కొసన ఉన్న హామిల్టన్‌లో చలి ఎముకల్లోకి దిగే నెల. అక్కడ ఒక రెస్ట్ హోమ్‌లో, అంటే వృద్ధులు ఉండే సంరక్షణ గృహంలో, నేను ఫిజియో అసిస్టెంటుని. ఫిజియోథెరపిస్టు వారానికి రెండుసార్లు వచ్చి ఎవరు ఏ వ్యాయామం చేయాలో రాసి వెళ్తారు. రోజూ దగ్గరుండి చేయించేది నేను. వరంగల్‌లో బీకాం చదివి, ఇక్కడికి బిజినెస్ కోర్సుకి వచ్చినవాణ్ణి. కండరాల పేర్లు, కీళ్ళ పనితీరు నాకు నేర్పింది ఈ ఊరి లైబ్రరీ. ఆ మాట చెప్పుకోవడానికి సిగ్గు లేదు, కొంచెం గర్వమే.

ఆ నెలలో నాకు అప్పగించిన మనిషి రెజ్. తొంభై ఒక్క ఏళ్ళు. తుంటి ఎముక విరిగి, ఆపరేషన్ అయ్యాక తిరిగొచ్చారు. ఆయన, భార్య నోలీన్ ఒకే గదిలో ఉండేవారు. మూడు వారాల్లో ఒక్క మనిషి సాయంతో కుర్చీలోంచి లేచి నడవగలిగితే ఆ గదిలోనే ఉండనిస్తారు. లేకపోతే హాస్పిటల్ వింగ్‌కి మారుస్తారు. అక్కడ మనిషిని హాయిస్ట్‌తో, అంటే జోలెలో కూర్చోబెట్టి ఎత్తే యంత్రంతో, మంచం దించుతారు. జంటలకు గదులు లేవు.

1950ల్లో రెజ్ ఇంగ్లండ్ ఉత్తరాన రెండు ఆటలు ఆడి బతికారు. చలికాలం రగ్బీ లీగ్, ఎండాకాలం క్లబ్బులకు క్రికెట్. తిరిగొచ్చాక ముప్ఫై ఏళ్ళు బడిపిల్లలకు లీగ్ కోచ్. మంచం పక్కన, రగ్బీ బంతి పట్టుకుని ఉన్న పాత ఫోటో చూసి నాకొక ఆలోచన తట్టింది. సెకండ్‌హ్యాండ్ దుకాణంలో ఆయన సొంత ఊరి రగ్బీ క్లబ్ మఫ్లర్ దొరికితే తెచ్చి ఆయన వాకర్‌కి కట్టాను.

“ఎవరు కట్టారు దీన్ని?”

“నేనే. మీ ఊరి క్లబ్బే కదా!”

“తీసెయ్.”

ఆ తర్వాత మూడు రోజులు ఆయన లేవలేదు. నర్సు సలోమి అక్క, నిజామాబాద్ మనిషి, నన్ను వరండాలో పట్టుకుంది.

“ఏం జేసినవ్ తమ్మీ? నీ పేరు చెప్తేనే మొఖం గోడదిక్కు తిప్పుతుండు.”

“రగ్బీ అంటే ఇష్టమని మఫ్లర్ కట్టిన అక్కా.”

“ఇష్టమైతే గిట్ల చేస్తడా? పో, ఏందో అర్సుకో.”

అర్సుకోవడానికి నాకు తెలిసిన చోటు ఒకటే. లైబ్రరీలో రెండు సాయంత్రాలు కూర్చున్నాను. మా వైపు వాళ్ళకు రగ్బీ అంతా ఒక్కటే. కానీ అవి రెండు ఆటలు. పదిహేనుమంది ఆడేది యూనియన్, పదమూడుమంది ఆడేది లీగ్. ఆ రోజుల్లో యూనియన్‌లో ఆటకు డబ్బు తీసుకోవడం తప్పు. లీగ్‌లో డబ్బు తీసుకున్నవాణ్ణి యూనియన్ మళ్ళీ దగ్గరికి రానిచ్చేది కాదు, పిల్లలకు నేర్పడానికి కూడా. నేను వాకర్‌కి కట్టింది ఆయన్ని వెలివేసిన క్లబ్బు రంగులు.

“తెలియక కట్టాను, క్షమించండి,” అన్నాను మర్నాడు. “చదివి తెలుసుకున్నాను.”

“నా సంగతి పుస్తకంలో ఉందా?”

“నియమం ఉంది. మీరు లేరు.”

ఆయన గోడవైపు నుంచి మొహం నావైపు తిప్పారు. “మా తమ్ముడికి ఆ క్లబ్ భవనంలో కప్పు ఇచ్చారు. నేను బయట కార్ల దగ్గర నిలబడ్డా. ఈవిడ లోపల్నుంచి ఒక సాసేజ్ రోల్ తెచ్చిపెట్టింది.”

“రెండు,” అన్నారు నోలీన్, అల్లుతున్న ఉన్ని మీంచి తల ఎత్తకుండా. “ఒకటి దారిలో నేనే తిన్నా.”

“ఇన్నేళ్ళయ్యాక ఇప్పుడా చెప్పేది?”

ముగ్గురం నవ్వాం. వ్యాయామం మాట ఎత్తకుండా, టీ తేవడానికి లేచాను.

“ఆగు. అలాగేనా లేచేది? కూర్చుని మళ్ళీ లే.”

లేచాను.

“తల వెనక్కి విసురుతున్నావ్. అలా లేచేవాడు మొదటి తోపుకే పడతాడు. ముక్కు కాలివేళ్ళ మీదికి రావాలి. మళ్ళీ.”

మాకు నేర్పే సూత్రమూ అదే. వారం పాటు ఆయనకు చెప్పి నేను ఓడిపోయిందీ అదే. నన్ను పదిసార్లు కూర్చోబెట్టి లేపారు. నా తొడలు మండాయి.

“నీకు చెప్పి లాభం లేదు. జరుగు, చూపిస్తా.”

ఆయన నడుముకు బెల్టు కట్టి పట్టుకున్నాను. ముక్కు ముందుకొచ్చింది, తుంటి లేచింది. రెజ్ నిలబడ్డారు.

“చూశావా?”

“సరిగ్గా కనపడలేదు,” అన్నాను. “ఇంకొక్కసారి.”

మూడో వారం చివర బయటి నుంచి అసెసర్ వచ్చారు. ఎవరికి ఎంత సాయం కావాలో తేల్చేది ఆవిడే. పరీక్ష పేరు టైమ్డ్ అప్ అండ్ గో. లేచి, మూడు మీటర్లు నడిచి, వెనక్కొచ్చి కూర్చోవాలి. మలుపులో ఆయన తూలారు. నా చెయ్యి బెల్టు మీదే ఉంది, కానీ లాగలేదు.

“కాళ్ళు చూసుకో రెజ్!” అని నోలీన్ అరిచారు.

“ఇక్కడ కోచ్ ఎవరు?” అంటూ ఆయన నిలదొక్కుకుని వచ్చి కూర్చున్నారు.

గది మార్చనవసరం లేదని అసెసర్ రాశారు. ఆ గదిలో వాళ్ళిద్దరూ మరో పదిహేను నెలలు కలిసి ఉన్నారు.

అంతకుముందు కొత్తగా వచ్చినవాళ్ళను “మీకేం ఇష్టం?” అని అడిగేవాణ్ణి. ఇప్పుడు “ఎవరికైనా ఏమైనా నేర్పారా?” అని అడుగుతున్నాను. పోయిన వారం ఒక పాడి రైతు వచ్చారు, పెద్దావిడ. నాలుగు రోజులుగా కుర్చీ దిగనన్నారు. “దూడలకు బకెట్లో పాలు తాగడం నేర్పా,” అన్నారు. ఎలా అని అడిగాను. దూడ నోట్లో వేళ్ళు పెట్టి, చప్పరిస్తుండగా మెల్లగా తలను పాలలోకి దించాలట. నేను అర్థం కానట్టు మొహం పెట్టాను.

“ఇలాగయ్యా!” అని విసుక్కుంటూ, ఆవిడ ముందుకు వంగి లేచారు.