దేవుడి గూట్లో గొట్టం బిళ్ల

భావనపాడు ఒడ్డున సొరచేపకు బీడీ ముట్టించానని ఊరందరినీ నమ్మించినవాణ్ణి నేను. నన్నే ఒకడు నమ్మించి ముంచుతాడని అనుకోలేదు. ఆ ఒకడు మా అక్క మొగుడు.

విజయనగరం ఆసుపత్రిలో నా గుండెకు యాంజియోగ్రామ్ చెయ్యాలన్నారు. కిడ్నీల సంగతి చెప్పే క్రియాటినిన్ నాకు అప్పటికే గీత దాటి ఉంది.

"లోపలికి ఎక్కించే రంగుమందు కిడ్నీలకు కష్టం. మోకాళ్ల నొప్పి బిళ్లలు మానేసి, మేం చెప్పినన్ని నీళ్లు తాగండి. ఇంకేమీ వాడొద్దు" అన్నాడు డాక్టరు.

మా శ్రీకాకుళం వైపు కిడ్నీ అన్న మాటంటే ఉన్న భయం పామంటే కూడా లేదు. ఆ సాయంత్రమే బావ డబ్బా పట్టుకుని దిగాడు. పోషకాల గొట్టం బిళ్లలు ఊరూరా అమ్మడం అతని కొత్త వ్యాపారం.

"ఒరే, ఇయ్యి ఏసుకుంటే రంగుమందు నీ కిడ్నీ గడప తొక్కదు. డాట్రుకి మాత్రం సెప్పకు. ఆళ్లకి ఇలాటియి గిట్టవు."

మా ఇంట్లో కొత్త బియ్యమైనా, కొత్త సబ్బైనా మొదటిది కూర్మనాథుడికే. మా ఆవిడ డబ్బా విప్పి మొదటి బిళ్ల దేవుడి గూట్లో పెట్టింది. మిగిలినవన్నీ నేను మింగాను.

యాంజియోగ్రామ్ అయిన మూడో రోజుకు క్రియాటినిన్ రెట్టింపైంది. ఏం వాడారని డాక్టరు అడిగితే దాచకుండా చెప్పేశాను. తప్పు రంగుమందుదో బిళ్లలదో తేలాలంటే వాటిలో ఏముందో తెలియాలన్నాడు. ఖాళీ డబ్బాను బావ ముందే అడిగి పట్టుకుపోయాడు. అతనిప్పుడు నా మంచం పక్కనే కూర్చుని ఉన్నాడు.

"నానేటిచ్చేను డాట్రు బాబూ? ఈడు సొరసేపకి బీడీ ముట్టించినోడు. ఈడి మాటలేటి నమ్ముతారు."

నర్సమ్మ నవ్వింది. పక్క మంచాలవాళ్లూ నవ్వారు. ఆ కథ మొదటిసారి చెప్పినప్పుడు అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది బావే. పొట్ట పట్టుకుని నవ్వి, మళ్లీ చెప్పరా అన్నాడు. ఇప్పుడు దాన్నే తీసి నా నోటికి అడ్డం పెట్టాడు.

మా ఆవిడ నవ్వలేదు. ఊరికి బస్సెక్కింది. సాయంత్రానికి తిరిగొచ్చి, కొంగుముడి విప్పి, కుంకుమ అంటిన బిళ్ల డాక్టరు చేతిలో పెట్టింది.

"ఇదిగో బాబూ, మా ఆయన ఆడిన అబద్దం."

డాక్టరు దాన్ని కాగితంలో మడిచి పరీక్షకు పంపాడు. అప్పటికే బావ కుర్చీ ఖాళీ. అతను తెచ్చిన కమలాపళ్లు మాత్రం బల్లమీద ఉన్నాయి. ఆవిడ ఒకటి వలవబోయింది.

"ముందు డాక్టర్ని అడుగు" అన్నాను.