తలుపు బయట చెప్పే ప్రార్థన

ఆసుపత్రి గదిలో నా పక్క మంచం మీదున్న పెద్దావిడ బాత్‌రూమ్‌కి వెళ్ళి వచ్చిన ప్రతిసారీ తలుపు మూసి, సెలైన్ సీసా తగిలించిన చక్రాల స్టాండు పట్టుకుని అక్కడే నిలబడి ఏదో గొణిగేది. కళ్ళు మూసుకునేది. మాస్కు వెనక పెదవులు కదలడం తెలిసేది. అదయ్యాకే మెల్లగా మంచం దగ్గరికి వచ్చేది. నన్ను తిడుతోందని అనుకున్నాను.

అలా అనుకోవడానికి కారణం ఉంది. జర్మనీ బాత్‌రూముల్లో నేల మీద పడిన నీళ్ళు పోవడానికి దారి ఉండదు. కాగితంతో పని కానివ్వడం నాకు చేతకాదు. అందుకని ఒక ఖాళీ మంచినీళ్ళ సీసాను చెంబులా వాడుకుంటున్నాను. ఎంత జాగ్రత్తపడినా నేల తడిసేది. ఆ తడిలో చక్రాల స్టాండు జారితే ఆవిడ గతేమిటి? తిట్టక ఏం చేస్తుంది?

అది కరోనా వచ్చిన మొదటి వసంతం. స్టుట్‌గార్ట్ పక్కన చిన్న ఊళ్ళో ఉంటున్న మా అమ్మాయి దగ్గర మూడు నెలలు ఉందామని వచ్చాను. వచ్చిన కొద్ది రోజులకే విమానాలు ఆగిపోయాయి. అమ్మాయీ అల్లుడూ ఇంట్లోనే చెరో గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని ఆఫీసు పని చేసుకుంటుంటే, నేను వంటింట్లో చప్పుడు కాకుండా గిన్నెలు కడిగేదాన్ని. అలాంటప్పుడు పొట్టలో కుడివైపు నొప్పి మొదలైంది. మా వైపు దాన్ని ఇరవైనాలుగు గంటల నొప్పి అంటారు. ఆసుపత్రికి వెళ్తే కరోనా అంటుకుంటుందన్న భయంతో వాము నీళ్ళు తాగి ఓర్చుకున్నాను. ఈలోగా లోపల అపెండిక్స్ పగిలింది. అంబులెన్సులో తీసుకెళ్ళి ఆపరేషన్ చేశారు.

రోగుల్ని చూడ్డానికి ఎవర్నీ లోపలికి రానివ్వని రోజులవి. అమ్మాయి గేటు దగ్గరే ఒక సంచి ఇచ్చి వెళ్ళింది. అందులో ఫోను, కళ్ళద్దాలు, పెద్ద అక్షరాల బైబిల్, నైటీలు ఉన్నాయి. నాకు జర్మన్ రాదు. పక్కావిడకి ఇంగ్లీషు కూడా రాదు. నవ్వుకోవడానికి మాస్కులు అడ్డం.

ఆవిడ గొణుగుడు భరించలేక, మూడోరోజు ఆవిడ నిద్రపోతుండగా బాత్‌రూములోకి వెళ్ళి గుప్పెడు కాగితాలు తీసి నేల తుడవబోయాను. పొట్ట మీద కుట్లు, ఒక చేతిలో మూత్రం సంచి. సగం వంగానో లేదో నర్సమ్మ తలుపు తీసింది. "నైన్, నైన్!" అని, వద్దు వద్దని ఒకటే కేక. ఆ కేకకి పెద్దావిడ కూడా లేచి కూర్చుంది. ఇద్దరూ కలిసి నన్ను మంచానికి చేర్చారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. వెంటనే అమ్మాయికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను.

"అమ్మాయ్, ఈ పెద్దమ్మకి చెప్పు. నేల తడపడం తప్పే, ఇంకెప్పుడూ తడపనని చెప్పు. తిట్టొద్దను."

"అమ్మా, నాకు మీటింగ్ ఉంది."

"మీటింగ్ ఎక్కడికీ పోదులే. చెప్పవే!"

అమ్మాయి జర్మన్‌లో చెప్పింది. పెద్దావిడ ముందు అయోమయంగా చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. పిత్తాశయం తీసిన మనిషి, నవ్వితే కుట్లు లాగుతాయని రెండు చేతులా పొట్ట పట్టుకుని మరీ నవ్వింది. చాలాసేపు ఏదో చెప్పింది. ఫోన్లో అమ్మాయి గొంతు మారిపోయింది.

"అమ్మా, ఆవిడ నిన్ను తిట్టట్లేదు. ప్రార్థన చేసుకుంటోందంట."

"బాత్‌రూమ్ దగ్గరా?"

"బాత్‌రూమ్ గురించే. వాళ్ళు యూదులంట. లోపల పనయ్యాక చేతులు కడుక్కుని, బయటికొచ్చి దేవుడికి థాంక్స్ చెప్పుకుంటారంట. వెళ్ళిన ప్రతిసారీ."

నేను నోరు తెరిచాను. మా చర్చి సంఘంలో ప్రార్థన లేని పని లేదు. కొత్త బండి కొంటే ప్రార్థన, బోరు వేస్తే ప్రార్థన, పిల్లాడు పరీక్షకి వెళ్తుంటే హాల్ టికెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన. ఇన్నేళ్ళలో ఈ ఒక్కదానికి ప్రార్థన చేసిన మనిషిని నేను చూడలేదు. బాత్‌రూములో దేవుడి పేరెత్తితేనే మా అమ్మ నెత్తిన మొట్టేది.

"ఏమని చెప్పుకుంటారంటా? అడుగు."

"ఛీ, అవన్నీ నేనెట్టా అడిగేది?"

"నువ్వు పుట్టినప్పుడు నీ ముడ్డి కడిగింది నేనే. సిగ్గుపడకుండా అడుగు."

అమ్మాయి అడిగింది. పెద్దావిడ ఒక్కో వాక్యం చెప్పి ఆగుతుంటే, అమ్మాయి ఒక్కో వాక్యం తెలుగులో చెప్పింది. దేవుడు మనిషిని ఎంతో తెలివితో చేశాడట. ఒంట్లో ఎన్నో ద్వారాలు, ఎన్నో గదులు పెట్టాడట. వాటిలో తెరుచుకోవాల్సింది ఒక్కటి మూసుకుపోయినా, మూసి ఉండాల్సింది ఒక్కటి తెరుచుకున్నా మనిషి నిలబడలేడట. అలా జరగకుండా కాపాడుతున్నందుకు ఆయనకి స్తోత్రమట.

మూసి ఉండాల్సింది తెరుచుకుంటే ఏమవుతుందో మూడు రోజుల కిందట నా పొట్టే నాకు చెప్పింది. చిటికెన వేలంత తిత్తి పగిలినందుకు ప్రాణం మీదికి వచ్చింది. ఆ మాట ఎన్నో వందల ఏళ్ళ నుంచి వీళ్ళ నోట్లో ఉందా!

ఆ రోజంతా నాకు అదే ధ్యాస. పొట్టలో ఏముంటుందో నాకు తెలియనిదేం కాదు. క్రిస్మస్‌కి మేకను కోస్తే బోటి శుభ్రం చేసే పని పెళ్ళయిన కొత్తలోనే మా అత్తగారు నాకు అప్పగించింది. వేడి నీళ్ళలో సున్నం కలిపి రుద్దేదాన్ని. పేగు లాగుతుంటే వస్తూనే ఉండేది. అంత పేగు ఆ కాస్త పొట్టలో మెలికపడకుండా ఎలా ఇమిడిందా అని చేతులు ఆపి చూసేదాన్ని. పేగు చుట్టూ సన్నటి తెర, ఆ తెరలో చెట్టు కొమ్మల్లా రక్తనాళాలు. తువ్వాలులా ముడతల పొట్ట, దాని పక్కనే తేనెపట్టులా గళ్ళ గళ్ళ పొట్ట. ఎవరు నేశారు ఇదంతా అనిపించేది. కానీ కూర ఆలస్యమవుతోందని అరిస్తే ఆ ఆలోచన అక్కడే వదిలేసేదాన్ని. ఇన్నాళ్ళకి ఆ ఆలోచన తన ప్రార్థనతో సహా నా పక్క మంచం మీద దొరికింది.

సాయంత్రం నేను కళ్ళద్దాలు పెట్టుకుని, వేలు పెట్టి అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదువుతుంటే పెద్దావిడ ఆసక్తిగా చూసింది. తన చిన్న పుస్తకం తీసి చూపించింది. ఆవిడా వేలు పెట్టే చదువుతోంది, కాకపోతే కుడి నుంచి ఎడమకి. ఫోన్లో అమ్మాయి చెబితే తెలిసింది: ఆవిడ పుట్టిన సోవియట్ దేశంలో ప్రార్థనలు బయటికి తెలిసేలా చేసేవాళ్ళు కాదట. వాళ్ళ అమ్మమ్మ గుసగుసగా చెప్పిన ఈ ప్రార్థన మాత్రం చెవిలో ఉండిపోయిందట. ఆ దేశం ముక్కలయ్యాక జర్మనీ వచ్చి, జుట్టు నెరిశాక ఆ అక్షరాలు నేర్చుకుందట.

"నేనూ అంతేనని చెప్పు! నలభై దాటాక చర్చి ఆడవాళ్ళ దగ్గర నేర్చుకున్నానని చెప్పు!"

"చెప్పానమ్మా, అరవకు. స్పీకర్లో చెవులు పోతున్నాయి."

పెద్దావిడ మంచం మీద నుంచే నా వైపు చెయ్యి ఊపింది. దూరం పాటించాలి కదా, పట్టుకోవడానికి లేదు.

తల్లి కడుపులో దేవుడు మనిషిని అల్లాడని చెప్పే కీర్తన నాకు చాలా ఇష్టం. అందులో 'అంతరింద్రియాలు' అన్న మాట దగ్గర నాలిక ఎప్పుడూ తడబడేది. అర్థం కూడా తెలిసేది కాదు, మనసు లాంటిదేదో అనుకునేదాన్ని. అమ్మాయితో అడిగిస్తే పెద్దావిడ తన పుస్తకంలో ఆ చోటు తీసి, వెనక్కి తిరిగి, నడుముకి పైన రెండు పక్కలా చేతులు పెట్టి చూపించింది. మూత్రపిండాలు! నా మూత్రపిండాల గురించి దేవుడి పుస్తకంలో ఉంది! ఆ రాత్రి ఆ వాక్యాన్ని అలాగే అర్థం చేసుకుంటూ ఎన్నిసార్లు చదువుకున్నానో.

మర్నాడు పొద్దున నర్సమ్మ మూత్రం గొట్టం తీసేసింది. మధ్యాహ్నంలోగా మూత్రం మామూలుగా పోవాలందని అమ్మాయి ఫోన్లో చెప్పింది. మధ్యాహ్నం అయింది. పోలేదు. నీళ్ళు తాగాను, నడిచాను, కొళాయి తిప్పి ఆ చప్పుడు వింటూ కూర్చున్నాను. పొత్తికడుపు రాయిలా అయింది. చుక్క రాలేదు. డాక్టరు వచ్చి చూశాడు. సాయంత్రం దాకా చూద్దాం, అప్పటికీ కాకపోతే గొట్టం మళ్ళీ వేస్తాం, దాంతోనే ఇంటికి పంపుతాం అని అమ్మాయికి ఫోన్లో చెప్పాడు.

మా నాన్న ఆఖరి నెలలు ఆ గొట్టంతోనే గడిపాడు. ఆ సంచి లుంగీ మడతలో దాచుకుని, ఎవరైనా వస్తే గోడ వైపు తిరిగి పడుకునేవాడు. ఎప్పుడు తీస్తారని డాక్టర్ని అడుగుతూనే ఉండేవాడు. తీయలేదు. నాకు అదే కళ్ళముందు కనబడింది. నేల మీద కూర్చునే మనిషిని, గిన్నెలు కడుక్కునే మనిషిని. ఈ సంచితో విమానం ఎలా ఎక్కాలి, మా ఇంటికి ఎలా చేరాలి?

"అమ్మా, భయపడకు" అంది అమ్మాయి ఫోన్లో. "డాక్టర్ నాకు వివరంగా చెప్పాడు. ఒంట్లో మూత్రం నిలిచే సంచి మూతికి రెండు తలుపులుంటాయంట. బయటది మన చేతిలో ఉంటుంది. లోపలిది మన మాట వినదు, దానంతట అదే తెరుచుకోవాలి. మత్తుకి అది ఇంకా నిద్ర లేవలేదంతే."

"మన మాట వినదా? ఎవరి మాట వింటుంది మరి?"

"నరాల మాట."

బోటి కడిగిన చేతులు నావి, అయినా ఇలాంటి తలుపు ఉంటుందని ఎప్పుడూ అనుకోలేదు. పుట్టినప్పటి నుంచి, నేను కన్నెత్తి చూడకుండానే, లోపల ఒకటి వేళకి తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంది. నిద్రపోతున్నప్పుడు మూసే ఉంది. కాన్పుల్లో, జ్వరాల్లో, ఆకలి రోజుల్లో దాని పని అది చేసుకుపోయింది. కాపలా ఉన్న వాడికి ఒక్కరోజు కూడా నేను మంచి మాట చెప్పలేదు. భయం పోలేదు గానీ, ఆ భయంలోనే ఏదో సంబరం మొదలైంది. ఇంత గొప్ప ఇంట్లో ఉంటూ గడప కూడా చూడలేదే అనిపించింది.

పొద్దు వాలుతుండగా పెద్దావిడ బాత్‌రూమ్ వైపు చెయ్యి చూపించి ఏదో చెప్పింది. "లాంగ్‌జామ్" అని. మెల్లగా అని. ఆ మాట నర్సమ్మ నాతో రోజూ అనేదే. లోపలికి వెళ్ళాను. ఈసారి కొళాయి తిప్పలేదు. పాదాలు రెండూ నేల మీద ఆనించి, ముందుకు వంగి, ఒళ్ళు వదులు చేసి కూర్చున్నాను. ఏమీ అడగలేదు. మూత్రపిండాలు ఎక్కడున్నాయో ఆవిడ చూపించిన చోట రెండు చేతులూ పెట్టుకున్నాను, అంతే.

ముందు ఒక చుక్క. తర్వాత ఆగింది. నేను ఊపిరి బిగబట్టాను, మళ్ళీ వదిలాను. అప్పుడు వచ్చింది. సన్నగా మొదలై, ధారై, నర్సమ్మ పెట్టిన గిన్నెలో చప్పుడు చేస్తూ వచ్చింది. నేను గట్టిగా నవ్వేశాను. కుట్లు లాగాయి, అయినా ఆపలేకపోయాను. బయట నుంచి పెద్దావిడ స్టాండు నేల మీద టకటకా కొట్టింది.

చేతులు కడుక్కుని బయటికొచ్చి తలుపు మూశాను. ఆవిడ మాటలు నాకు రావు. నా మాటలే చెప్పాను, తెలుగులో, మా సంఘంలో చెప్పినట్టు గొంతెత్తి. తలుపు తెరిచినవాడా, గదులు కట్టినవాడా అంటూ నోటికి వచ్చింది వచ్చినట్టు చెప్పాను. ఒక్క ముక్క అర్థం కాకపోయినా పెద్దావిడ చివరి దాకా విని 'ఆమెన్' అంది.

నర్సమ్మ చిన్న స్కాన్ యంత్రం తెచ్చి పొత్తికడుపు మీద పెట్టి చూసింది. తెర నా వైపు తిప్పింది. ఒకచోట నల్లటి గీతలా ఉంది. ఇంతసేపూ ఉబ్బి నన్ను ఏడిపించిన సంచి, ఖాళీ అయి ముడుచుకుని పడుకుంది. "గూట్, ఓమా, జేర్ గూట్!" అంది, చాలా బాగుంది అమ్మమ్మా అని. గొట్టం వెయ్యక్కర్లేదని చేత్తో సైగ చేసింది. నేను ఆ తెర మీద నుంచి కళ్ళు తిప్పుకోలేకపోయాను. నా లోపలి గది అది. మొదటిసారి చూడటం.

అమ్మాయికి ఫోన్ చేశాను. ఎత్తగానే అరిచాను.

"వచ్చిందే! పోశానే! గిన్నె నిండా పోశాను!"

అమ్మాయి గొంతు చిన్నగా, "అమ్మా... మైక్ ఆన్‌లో ఉంది. ఆఫీసు వాళ్ళందరూ విన్నారు."

"తెలుగే కదే, వాళ్ళకేం అర్థమవుతుంది?"

"ఏమైందని అడుగుతున్నారు."

నిన్నటిదాకా ఒక ముసలావిడని ఆ మాట అడగడానికి సిగ్గుపడిన పిల్ల. ఏదో సర్దిచెబుతుందిలే అనుకున్నాను. కానీ జర్మన్‌లో, గొంతు వణుకుతున్నా గట్టిగా, ఒక్కో మాటా వినబడేలా చెప్పింది. అందులో నాకు తెలిసిన మాట 'మామా' ఒక్కటే. చెప్పడం పూర్తయిందో లేదో, ఎక్కడెక్కడి ఇళ్ళలోనో కూర్చున్న, నేనెన్నడూ చూడని ఆ జర్మన్ వాళ్ళంతా చప్పట్లు కొట్టారు.