ఎవరు చేసిన కూర

నా చిన్నప్పుడు అమెరికాలోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో తెలుగువాళ్ళ కార్లన్నీ వరసగా నిలబెట్టినా ఒక వీధి నిండేది కాదు. అంత కొద్దిమందిమి కూడా ఒక్కటిగా ఉండలేకపోయాం. కొత్తవాళ్ళు వస్తే ముందు ఇంటిపేరు అడిగేవారు, తర్వాత ఊరు, ఆ తర్వాత ఊళ్ళో ఏ వైపు అని. మూడో జవాబుకి కులం తేలిపోయేది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు, విమానం ఎక్కితే పోతుందా?

పండగలకి అందరూ తలో వంటకం తెచ్చే పాట్‌లక్ ఉండేది. నా స్నేహితురాలి అమ్మకి మాత్రం ప్రతిసారీ పేపర్ ప్లేట్లూ కూల్‌డ్రింకులూ తెమ్మని చెప్పేవారు. ఎందుకో పిల్లలకే తెలిసినప్పుడు ఆవిడకి తెలియదా? అయినా నవ్వుతూనే తెచ్చేది. తన చేతి వంట ఒక్కసారి నలుగురూ తినాలని ఆవిడకెంత ఆశో, వాళ్ళింట్లో నాకు కొసరి కొసరి వడ్డించడంలోనే తెలిసేది.

పక్కింటి ఆంటీ అప్పట్లో కాలేజీలో సైకాలజీ చదువుతుండేది. మనుషులు కలిసి తింటే, కలిసి పనిచేస్తే చిన్నచూపు దానంతటదే పోతుందని గట్టిగా నమ్మేది. ఒక ఉగాదికి ఏర్పాట్లన్నీ నెత్తినేసుకుని, నా స్నేహితురాలి అమ్మని కూర చేయమంది. ఆవిడ సంబరపడి నువ్వులపొడి వేసి వంకాయ కూర చేసింది. ఆంటీ వంటకాలన్నీ ముందే తన ఇంటికి తెప్పించి, ఒకేరకం అల్యూమినియం ట్రేలలోకి మార్చేసింది. ఏది ఎవరిదో ఎవరికీ తెలియలేదు.

అందరూ ఆ కూర మీదే పడ్డారు. ఒక అంకుల్ మూడోసారి వడ్డించుకుంటూ, "ఎవరు చేశారండీ ఇది? రెసిపీ ఇవ్వాల్సిందే" అన్నాడు. ఆంటీ ఆ మాట కోసమే కాచుకుని ఉంది. నా స్నేహితురాలి అమ్మని చెయ్యి పట్టుకుని ముందుకు తెచ్చి, "ఈవిడేనండీ" అంది.

ఎవరూ ఒక్క పరుషమైన మాట అనలేదు. "ఓ, వెరీ నైస్" అని ఆయన ప్లేటు మీద నాప్కిన్ కప్పి చెత్తబుట్టలో వేశాడు. తర్వాత ఆడవాళ్ళు ఒక్కో ట్రే దగ్గరా ఆగి, "మరి ఇదెవరు చేశారు?" అని గొంతు తగ్గించి అడగడం మొదలుపెట్టారు. ఆవిడ అక్కడే నిలబడి అన్నీ వింది.

పార్కింగ్ లాట్‌లో ఆంటీ ఏడుస్తూ సారీ చెప్పింది. ఆవిడ ఏడవలేదు.

"నా పేరు చెప్పేముందు నన్నొక్క మాట అడగాల్సిందమ్మా. ప్లేట్లు తెచ్చుకున్నన్నాళ్ళూ నా మర్యాద నాకుండేది" అని కారెక్కింది.

ఆ కుటుంబం మళ్ళీ ఏ పండక్కీ రాలేదు. నా స్నేహితురాలు స్కూల్ బస్సులో వేరే సీటు చూసుకుంది. తర్వాతి పాట్‌లక్ నుంచి ప్రతి వంటకం మీదా వండినవాళ్ళ పేరు రాసిన చీటీ అంటించారు. అలర్జీల కోసమన్నారు.

ఇప్పుడు మోరిస్‌విల్‌లో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. ఇక్కడి పాట్‌లక్‌లలోనూ చీటీలున్నాయి. మా మనవరాలు వాటిని ముచ్చటగా రాస్తుంది. "నట్స్ ఉంటే తెలియాలి కదా, అమ్మమ్మా" అంటుంది. దానికి అంతే తెలుసు. పేరు చదివి చెయ్యి వెనక్కి తీసుకునేవాళ్ళు నాకు కనిపిస్తూనే ఉంటారు. రుచి చూపిస్తే మారతారని ఆంటీ నమ్మింది. తిని, బావుందని మెచ్చుకుని, మళ్ళీ వడ్డించుకుని కూడా మారనివాళ్ళకి ఇంకేం చూపించాలో ఈ వయసుకీ నాకు తెలియలేదు.