సిగ్నల్ అందాక మొదలయ్యే వాదన

మా పదో తరగతి గ్రూపులో అందరికీ నెట్ ఉంది. వల ఉన్నది మాత్రం ఒక్కడికే. అతను ఫిషింగ్ హార్బర్‌లో మరబోటు నడుపుతాడు. బోటు నడిపేవాణ్ణి అక్కడ డ్రైవరంటారు కాబట్టి గ్రూపులోనూ అతను డ్రైవరే. బడిలో నా బెంచీవాడు. అప్పటినుంచీ ఒకరినొకరం బావా అని పిలుచుకుంటున్నాం తప్ప చుట్టరికమేమీ లేదు. వాళ్ళది తరాలుగా సముద్రాన్ని నమ్ముకున్న కుటుంబం. మాది విజయనగరం అవతల పొలాన్ని నమ్ముకుని, పొలం మమ్మల్ని నమ్మక, విశాఖపట్నం వచ్చేసిన కుటుంబం. నేను పోర్టు దగ్గర ఒక క్లియరింగ్ ఏజెంటు ఆఫీసులో కాగితాలు చూస్తాను. ఓడల గురించి నాకు అన్నీ తెలుసు, ఓడెక్కడం తప్ప.

గ్రూపు పుట్టినప్పుడు పుట్టినరోజు శుభాకాంక్షల కోసమే పుట్టింది. తర్వాత వార్తలు దిగాయి. కృత్రిమ మేధ వస్తే గుమాస్తాల గతేమిటి, డేటా సెంటరు వస్తే మన నీళ్ళ గతేమిటి, సముద్రం అడుగునుంచి వచ్చే ఇంటర్నెట్ కేబులు ఎవరి హయాంలో మన ఒడ్డుకి చేరుతోంది. టెక్నాలజీతో మొదలైన ఏ వాదనైనా మూడో మెసేజికల్లా రాజకీయంలోకి దిగుతుంది. దిగినవాడు మళ్ళీ ఎక్కడు. మేమంతా తీరవాసులమని చెప్పుకుంటాం గాని, ఆ మెసేజిలు లెక్కేస్తే తీరికవాసులమని తేలుతుంది.

అందులో నా వంతు కొంచెం పొడుగ్గా ఉంటుంది. నేను ఏదైనా కారణాలతో సహా రాస్తాను. 'ఇంకా చదవండి' అనే నీలం అక్షరాల కింద నా అభిప్రాయాలు ఎన్నో ప్రశాంతంగా పడుకుని ఉన్నాయి. వాటిని నిద్ర లేపేవాడు డ్రైవరొక్కడే. అదీ వారం పది రోజులు ఆలస్యంగా.

ఎందుకంటే బోటు హార్బరు దాటి కొంత దూరం పోగానే ఫోనులో సిగ్నల్ పోతుంది. వేట ముగించుకుని, డాల్ఫిన్ నోస్ కొండ మసగ్గా కనబడే దూరానికి వచ్చాక మళ్ళీ తగులుతుంది. అన్నాళ్ళ మెసేజిలూ ఒక్కసారిగా అతని ఫోనులో పడతాయి. మనమైతే చివరిది చూసి ఊరుకుంటాం. అతను అలా చెయ్యడు. మొదటినుంచి, వరస తప్పకుండా, ఒక్కోదానికీ జవాబిస్తాడు. పోయిన వారం గుడ్ మార్నింగ్‌కి ఈ వారం గుడ్ మార్నింగ్ చెప్తాడు. అబద్ధమని మేమందరం ఒప్పేసుకున్న వార్త మీద కొత్తగా కోప్పడతాడు. టైపు చెయ్యడం రాదు. అన్నీ మాటలే రికార్డు చేసి పంపుతాడు, వెనకాల బోటు ఇంజను డగడగమంటూ ఉంటుంది.

"ఒరే, కేబులు ఈళ్ళు తేలేదురా. నాను ముందే సూసాను. సర్వే బోటు మా పక్కనుంచే ఎల్లింది. అప్పుడు గవర్నమెంటు ఎవులిది? అది సెప్పండి ముందు."

ఆ బోటు దేన్ని సర్వే చేసిందో మాకు తెలీదు. అతనికీ తెలీదని నా గట్టి నమ్మకం. కానీ 'నాను సూసాను' అన్నవాడితో 'నేను చదివాను' అన్నవాడు ఎప్పుడూ నెగ్గలేడు. ఆ వరద మొదలవగానే గ్రూపులో సగంమంది ఫోను మూగగా పెట్టేసుకుంటారు.

పెట్టుకోకూడనివాణ్ణి నేనొక్కణ్ణే. దానికి కారణం అతని భార్య.

ఆవిడ హార్బర్‌లో వేలంలో చేపలు కొని వీధుల్లో తిరిగి అమ్ముతుంది. ఆవిడ దగ్గరున్నది బటన్ల ఫోను. మా గ్రూపు గొడవలు అందులోకి రావు, అదృష్టవంతురాలు. డ్రైవరేమో జెట్టీ మీద కాలు పెట్టేదాకా ఇంటికి ఫోను చెయ్యడు. ఒకసారి సముద్రం మీదనుంచి 'గంటలో వచ్చీసినట్టే' అని చెప్పాడట. ఆ గంటలోనే ఇంజను ఆగిపోయింది. ఇంకో బోటు తాడు కట్టి లాక్కొచ్చేసరికి తెల్లారింది. అంతసేపూ ఇంటిల్లిపాదీ హార్బర్‌లో నిలబడి ఏడ్చారు. ఆ రోజునుంచి, ఒడ్డు చేరకుండా చేరినట్టు చెప్పనని ఒట్టేసుకున్నాడు. ఆ ఒట్టు ఇంటికే గాని మాకు వర్తించదు. మాతో పోట్లాడ్డం కబురు చెప్పడం కింద రాదని అతని లెక్క.

ఆ లెక్కలో సందుని ఆవిడ కనిపెట్టింది. బోటు వచ్చే రోజులు దగ్గరపడగానే నాకు ఫోను చేస్తుంది. నేను అతనికి బావని కాబట్టి ఆవిడకి అన్నయ్యని.

"అన్నియ్యా, మీ బావ ఏటైనా వాదించాడా?"

వాదించాడంటే బోటు సిగ్నల్ దూరంలోకి వచ్చినట్టు. ఆవిడ ఇంటికి పోయి ఎసరు పెట్టుకుంటుంది. వాదించలేదంటే, "అయితే సాయంత్రం సేత్తాను" అని పెట్టేస్తుంది. ఇన్నేళ్ళలో కేబులు గురించి ఒక్క ముక్క అడగలేదు. నా వాదనలకి ఇంతకన్నా నికరమైన ఉపయోగం ఎవరూ కనిపెట్టలేదు కూడా.

ఈ ఏర్పాటు ఒక వీడియోతో చెడింది. ఒక నాయకుడు అనని మాటలు అన్నట్టు కృత్రిమ మేధతో తయారుచేసిన వీడియో అది. గ్రూపులో ఒకడు నిజమని పెట్టాడు, ఇంకొకడు వాణ్ణి గాడిదన్నాడు, గాడిదకి కోపమొచ్చి గ్రూపులోంచి వెళ్ళిపోయింది. మా అడ్మిన్ దువ్వాడలో ఒక కాలేజీలో లెక్చరరు. చిన్నప్పుడు మా క్లాసు లీడరు, ఇప్పటికీ ఆ అలవాటు పోలేదు. వేడి తగ్గేదాకా అడ్మిన్ తప్ప ఎవరూ రాయడానికి వీల్లేదని గ్రూపుకి తాళం వేసింది. అంతకుముందే, తాళం వేస్తున్నానంటే, అందరం బొటనవేళ్ళు ఎత్తాం. నాదీ ఎత్తాను. ఎవరూ అడ్డు చెప్పలేదు. అడ్డు చెప్పేవాడు సముద్రంలో ఉన్నాడు.

నిజం చెప్పాలంటే ఆ రోజులు హాయిగా గడిచాయి. పేపరు చదివి, చదివినదాన్ని నాలోనే ఉంచుకునేవాణ్ణి. అరిగింది కూడా.

అంతలో బంగాళాఖాతంలో అల్పపీడనం పట్టింది. వేటకెళ్ళిన బోట్లన్నీ వెనక్కి రావాలని చెప్పారు. పొద్దున్నే ఆఫీసుకి వెళ్తుంటే గాలికి గొడుగు తిరగబడింది, రోడ్డు మీద కొబ్బరి మట్టలు పడి ఉన్నాయి. నా బల్ల దగ్గర కూచున్నానో లేదో ఫోను మోగింది.

"అన్నియ్యా, వాదించాడా?"

చూశాను. గ్రూపులో ఏమీ లేదు. "ఇంకా లేదమ్మా" అన్నాను.

"మిగతా బోట్లు శానా వచ్చీసినాయి. ఓనరేమో, తిరిగొచ్చీమని వైర్‌లెస్‌లో సెప్పాను, వత్తన్నామన్నారు, అంటన్నాడు. అది నిన్నటి మాట. మల్లీ సెట్టు పలకనేదంట."

"వచ్చేస్తాడులే. గాలికి సెట్టు పట్టుండదు."

"అవును గావాల" అంది. నేను అన్నది నమ్మినట్టు కాదు, నన్ను ఇబ్బంది పెట్టడం ఇష్టంలేక.

మధ్యాహ్నం మళ్ళీ చేసింది. ఈసారి వెనకాల గాలి, మనుషుల కేకలు వినబడుతున్నాయి. జెట్టీ మీదే ఉన్నట్టుంది.

"ఇప్పుడు సూడన్నియ్యా. గుడ్ మార్నింగైనా పెట్టాడేటో."

"లేదమ్మా."

"ఒక్క ముక్కైనా?"

"లేదమ్మా."

"మీ మీద కోపమొచ్చి మానీసినాడేటి?" అంది. అలా అయినా బాగుండునన్నట్టుంది ఆ గొంతు.

పెట్టేశాక, ఏం చెయ్యాలో తోచక, గ్రూపు తెరిచి అలాగే చూస్తూ కూచున్నాను. అప్పుడు కనబడింది, అడుగున బూడిదరంగు అక్షరాల్లో: అడ్మిన్లు మాత్రమే మెసేజిలు పంపగలరు. పొద్దుట్నుంచి ఆ వాక్యాన్ని చూస్తూనే ఉన్నాను. చూస్తూనే 'లేదమ్మా, లేదమ్మా' అంటున్నాను. అతను కొండ కనబడే దూరానికి వచ్చినా రాయడానికి లేదు. విడిగా నాకు పంపొచ్చు గాని, పంపడు. వినేవాళ్ళు పదిమంది లేకపోతే అది వాదనెలా అవుతుందని అతని సిద్ధాంతం. అతనికి నేను ఫోను చేశాను. అందుబాటులో లేదంది. సముద్రంలో ఉన్నాడనో, ఛార్జింగు లేదనో, మరింకేమనో, ఆ ఆడగొంతు విడమర్చి చెప్పదు.

అడ్మిన్‌కి చేశాను. ఎత్తలేదు, క్లాసులో ఉండి ఉంటుంది. కాలేజీ ఆఫీసుకి చేసి, చాలా అర్జంటు, పిలవమన్నాను. ఎవరో వెళ్ళి పిలిచారు. ఆయాసపడుతూ వచ్చింది పాపం.

"ఎవరికేమైందిరా?"

"గ్రూపు తాళం తియ్యి."

"ఏటీ? దీనికా క్లాసులోంచి లాక్కొచ్చావ్? మళ్ళీ ఏ వీడియో దొరికింది నీకు?"

"మేడమ్, వీడియో కాదు. డ్రైవరు ఇంకా రాలేదు. వాడు సిగ్నల్లోకొస్తే మనతో పోట్లాడతాడు. వాడి పెళ్ళానికి తెలిసేది దాంతోనే."

"ఈ మాట తాళం వేసే రోజు చెప్పాలి గదరా" అంది.

"ఆ రోజు బొటనవేలెత్తాను."

"నీ మొహం" అని, తాళం తీసేసింది.

తీస్తే సరిపోదనిపించింది. తలుపు తీసి ఉందని అతనికి తెలియాలి. చేపకైతే ఎర వేస్తారు. నేనూ అదే వేశాను. కేబులు విషయంలో ఇన్నాళ్ళూ డ్రైవరు పక్షాన నేను వాదించినదానికి పూర్తిగా ఎదురుగా, కారణాలేవీ లేకుండా, జీవితంలో మొదటిసారి చిన్న మెసేజి రాశాను: 'సముద్రం కేబులు తెచ్చింది ముమ్మాటికీ ఈ ప్రభుత్వమే. ఏదో బోటు చూశామనేవాళ్ళ మాటలు నమ్మకండి.'

నేను అనుకున్న చేప తప్ప అన్నీ పడ్డాయి. ఇన్నాళ్ళు నోరు కట్టుకున్నవాళ్ళు కదా. ఎంతకి అమ్ముడుపోయావని ఒకడు, నా ఫోను ఎవరో దొంగిలించి రాస్తున్నారేమోనని ఇంకొకడు. అచ్యుతాపురంలో ఫ్యాక్టరీలో పనిచేసేవాడు టీ టైములో నాలుగు తిట్లు తిట్టి మళ్ళీ పనిలోకి పోయాడు. నేను ఏ ఒక్కదానికీ జవాబివ్వలేదు. నా మెసేజి ఎవరెవరికి చేరిందో చూపించే జాబితా తెరిచి పెట్టుకున్నాను. అందరి పేర్లూ ఒక్కొక్కటే ఎక్కుతున్నాయి. డ్రైవరు పేరు ఎక్కడం లేదు. మా ఆఫీసులో ఆ వేళ ఏ ఓడ కాగితాలు కదిలాయో నాకు గుర్తు లేదు. బహుశా ఏవీ కదలలేదు.

కిటికీలో వాన కొంచెం తెరిపి ఇచ్చింది. జాబితాలో ఆఖరున అతని పేరు వచ్చింది.

పేరు రావడం ఫోనుకి సంబంధించిన విషయం. మనిషికి సంబంధించిన విషయం ఇంకా రావాలి. కాచుకుని కూచున్నాను. ముందు ఒక గుడ్ మార్నింగ్ వచ్చింది, అతను వేటకి పోయిన మర్నాటి గుడ్ మార్నింగ్‌కి జవాబుగా. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. పక్క బల్లాయన "ఏమైందండీ?" అంటే, "గుడ్ మార్నింగ్ వచ్చింది" అన్నాను. ఆయన గడియారం వైపు చూసి ఊరుకున్నాడు.

తర్వాతది నాకే. చేపలెక్కడున్నాయో కృత్రిమ మేధ చెప్పేస్తుందని, ఇక డ్రైవరుకి పని తేలికేనని అప్పట్లో నేను పొడుగ్గా రాసినదానికి. నా ఎర ఎక్కడో అడుగున ఉంది. చేప పైనుంచి తింటూ వస్తోంది.

ఆఫీసు ల్యాండ్‌లైను మీదనుంచి ఆవిడకి చేశాను. మొదటి రింగుకే ఎత్తింది.

"వాదించాడమ్మా."

"నిజంగానా?"

"విను" అని నా ఫోనుని రిసీవరు దగ్గర పెట్టి నొక్కాను.

"బావా, సేపలెక్కడున్నాయో సెప్పే యాప్ మనకి ఇత్తే, మనమెక్కడున్నామో సెప్పే యాప్ సేపలకీ ఇత్తారేమో. అప్పుడేటి సేత్తావ్? బుర్రుండాల, రాసేముందు బుర్రుండాల."

"మాటలు సరేగాని అన్నియ్యా, మల్లీ ఒకసారి ఎట్టు. ఎనకాల సప్పుడు వింటాను."

మళ్ళీ పెట్టాను. నాకు బుర్ర లేదన్న సంగతి ఆఫీసంతా రెండోసారి విన్నది. వెనకాల ఇంజను డగడగమంటూనే ఉంది, మధ్యలో ఎవరో నవ్వారు.

"ఇంజను బాగానే కొట్టుకుంటంది" అంది ఆవిడ. ముక్కు ఎగబీల్చింది. "కోపంగా ఉన్నాడా?"

"చాలా. కేబులు మీద తిరగేసి రాసి ఎర వేశాను, అదింకా చూడనేలేదు."

"అయితే బియ్యం కడిగీత్తాను. ఎర ఏసిన మాట సెప్పకన్నియ్యా. మల్లీ పనికొత్తది."

చెప్పనన్నాను.

సాయంత్రానికి నా ఎర దగ్గరికి వచ్చాడు. ఆ మాట రికార్డులో ఇంజను చప్పుడు లేదు. కంచం మీద చెయ్యి తగిలిన చప్పుడు, పైన ఫ్యాను. "ఏటి బావా, నువ్వు కూడా పార్టీ మారిపోనావా? నాను సూసానంటే నమ్మవేటి?" అని అతను మొదలెడుతుంటే, వెనకాల ఆవిడ గొంతు పడింది.

"అన్నియ్య ఏదో రాసుకున్నాడు, ఒగ్గీ. పులుసు సల్లారిపోతంది."

అతను ఒగ్గలేదు. నేనూ ఆవిడకిచ్చిన మాట ఒగ్గలేదు. కేబులు ఈ ప్రభుత్వమే తెచ్చిందని గ్రూపులో ఇప్పటికీ నేనొక్కణ్ణే వాదిస్తున్నాను, కారణాలు వెతుక్కుంటూ. మొన్న అతను మళ్ళీ వేటకి వెళ్ళాడు. వెళ్ళిన రోజే అడ్మిన్ నాకు విడిగా మెసేజి పెట్టింది: 'ఈసారికి ఏం రాస్తావో ఆలోచించుకున్నావా?'